విరిగిన బోల్టును వెలికిదీయు విద్య

వరంగల్లు నుండి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారమునకు సుమారు నూరు కిలోమీటర్ల దారి. పస్రా దాటినది మొదలు ఇరుప్రక్కల టేకుచెట్లును మద్దిచెట్లును దట్టమగును; 1952లోనే అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ అడవి నడుమ బండి ఆగిపోయినచో, దానిని నగరమునకు లాగించుకొనిపోవుటకు అగు కూలి ఒక్కొక్కప్పుడు చెడిన వస్తువు వెలను మించిపోవును. రెండేండ్ల కొకసారి మాఘపౌర్ణమి నాళ్ళలో మేడారము జాతరకు సాగు బండ్ల వరుసలు, ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి దాటు లారీలు, లంకభూములలో మిర్చిచేలకు నీరు తోడు ఆయిలింజనులు, ఇవియన్నియు ఈ ఊరి రహదారి ప్రక్కనున్న రేకుల షెడ్డులకు పని కల్పించుచున్నవి. క్రొత్త భాగము తెచ్చి పాతదానిని పారవేయుట నగరములో సులభము. ఇచట పాతదానినే బ్రదికింపవలెను. అట్టి అగత్యము నుండి పుట్టిన విద్యలలో నాకు మిక్కిలి సూక్ష్మముగా తోచినది, ఇంజనులో విరిగి నిలిచిపోయిన బోల్టును వెలికిదీయుట.

నేను దీనిని మొదటిసారి శ్రద్ధగా చూచినది ఒక పాత అంబాసిడరు కారణమున. పశ్చిమ వంగదేశములోని ఉత్తరపారాలో 1957 నుండి 2014 వరకు తయారైన ఆ కార్లలో పెట్రోలుతో నడచు పాతవానికి ఇంజను తలమీద, అనగా మేస్త్రీలు హెడ్డు అనుదానిమీద, వేడినీరు రేడియేటరునకు మరలిపోవు చోట అల్యూమినియపు మూతి యొకటి ఉండును. దానిని పట్టియుంచునవి ఉక్కు స్టడ్డులు. ఎన్నేండ్లుగానో విప్పబడని ఆ మూతిని మేము ఎక్కివచ్చిన టాక్సీ డ్రైవరు దారిలో తానే విప్పబోయి, నట్టు కదలకున్నను పానను బలముగా త్రిప్పి, ఒక స్టడ్డును హెడ్డు మట్టమునకు సరిగా తునిమివేసెను. నీరు కారుచున్న కారును మెల్లగా నడిపించుకొని షెడ్డు చేరితిమి. మేస్త్రీ చూచి, బీడీ ఆర్పి, డ్రైవరును ఏమియు అనలేదు. క్రొత్త స్టడ్డు దొరకునా యని నేను ఆత్రముగా అడిగితిని. "స్టడ్డుదేముంది సారూ, ఏ అంగట్ల జూసినా దొరుకుతది. బొక్క కరాబైతెనే హెడ్డు పాయె" అని యాతడు బదులు చెప్పెను. ఈ విద్యకు మూలసూత్రము ఆ మాటలోనే ఉన్నదని నాకు తరువాత తెలిసినది. బయటివారి కన్ను విరిగిన బోల్టుమీద నుండును. మేస్త్రీ కన్ను దాని చుట్టునున్న రంధ్రముమీద నుండును. బోల్టు ఎట్లును చావవలసినదే. రంధ్రములోని మరచుట్లు, వారి మాటలో చూడీలు, బ్రదికి బయటపడవలెను.

బోల్టును మనము తక్కువగా అంచనా వేయుదుము. తలమీద 8.8 అని ముద్రయున్న 8 మిల్లీమీటర్ల బోల్టును గైకొనుడు: ఆ మొదటి 8 చదరపు మిల్లీమీటరునకు సుమారు 80 కిలోల లాగుడును ఓర్చునని చెప్పు గుర్తు, ఆ లెక్కన చిటికెనవ్రేలికంటె సన్ననగు ఆ బోల్టు మూడు టన్నులకు దగ్గరి లాగుడునకు తాళును. లాగుడునకు తాళు ఆ ఉక్కు మెలిపెట్టుటకు మాత్రము అంతగా తాళదు. అందులోను తుప్పు క్రింది కొసను గట్టిగా పట్టుకొనియుండగా పైకొసను త్రిప్పినచో, తడిబట్టను పిండినట్లు నడుమనే మెలితిరిగి తెగును. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు పైగా చోటు కోరును. మరచుట్ల నడుమనున్న వెంట్రుకవాసి సందులో ఆ చోటు లేదు గనుక, తుప్పు ఇరుప్రక్కలను ఒరసికొని చీలవలె బిగిసికొనును. ఉక్కు స్టడ్డు అల్యూమినియములో నుండి, నడుమ నీరు చేరినచో, ఆ రెండు లోహములకు మధ్య విద్యుద్ఘటములోని వలె చర్య నడచి అల్యూమినియము తెల్లని పొడిగా క్షయించి సందు పూడ్చివేయును. మా మూతి కదలకుండుటకు కారణమిదియే.

కావున వైద్యుడు నాడి చూచినట్లు మేస్త్రీ మొదట విరుగుడు ముఖమును చూచును. నూనెగుడ్డతో తుడిచి, టార్చిలైటు పక్కవాటుగా పట్టి చూడగా, విరిగిన తలము నునుపుగా, ఏటియొడ్డున నీరు తీసిన గీతలవంటి వంపుగీతలతో కనబడినచో, ఆ బోల్టు ఎన్నో దినములుగా అదురులకు కొంచెము కొంచెముగా చిట్లుచు వచ్చి చివరకు తెగినదన్నమాట. అట్టిది లోపల వదులుగానే యుండును, సన్నని ఉలిమొనతో అంచున తట్టి ఎడమవైపునకు నెట్టినచో చాలసారులు తనంతట తిరిగి వచ్చును. బిగించునప్పుడు బలము మించి తెగినదియు అంత కష్టపెట్టదు. తల పోవుటతో దానిని లాగిపట్టియుంచిన బిగువును పోయినది గదా. కష్టమైనది మూడవ రకము, విప్పునప్పుడు తెగినది. విప్పు బలమునకు లొంగక తలను వదలుకొన్నది, తలలేకుండ ఎట్లు లొంగును? తెగినచోట మెలిపెట్టిన జాడ కనబడును. మా స్టడ్డు అట్టిదే.

తరువాతి పని ఏ పనియు చేయకుండుట. హాస్యమునకు అన్నమాట కాదు. విరిగిన చోట నూనె వేసి, చిన్న సుత్తెతో నిలువుగా పదిపదిహేను దెబ్బలు లెక్కగా తట్టి, మరల నూనె వేసి, మేస్త్రీ మరియొక బండి దగ్గరకు పోయెను. నూనె అనగా షెడ్డుకొక మందు. కొందరు కిరసనాయిలును డీజిలును కలుపుదురు. కొందరు డబ్బాలో వచ్చు తుప్పు మందును చిమ్ముదురు. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనెయు గోళ్ళరంగు తుడుచు అసిటోనును సమభాగములుగా కలిపిన ద్రవము వీనికంటె బాగుగా పారునని చెప్పువారు దేశదేశముల మెకానిక్కులలో కలరు. ఏదైనను దాని గుణము పలుచదనములో నున్నది. దీపపువత్తి నూనెను పైకి పీల్చినట్లు సన్ననిసందు ద్రవమును తనలోనికి పీల్చుకొనును. సుత్తెదెబ్బ ఆ సందును తెరచుటకే గాని బోల్టును కదల్చుటకు కాదు. గట్టిగా కొట్టినచో విరిగిన ముఖము గుబ్బయై విచ్చుకొని మరచుట్లను ఇంకను బిగించును. కావున దెబ్బ చిన్నదిగాను, సంఖ్య పెద్దదిగాను ఉండవలెను. పట్టణపు షెడ్డులలో ఈ ఓపిక క్రమక్రమముగా నశించుచున్నది. గంటకు ఇంతయని కూలి కట్టుచోట నూనెకు ఒక రాత్రి గడువిచ్చువాడు నష్టపోవును. ఆ రాత్రికి మేము ఊరిలోనే బస చేసితిమి.

మరునాడు నిప్పు. వేడిచేసినచో వదులగునని మాత్రము తెలిసినవాడు సగము తెలిసినవాడు. ఉక్కును, హెడ్డునకు వాడిన బీడు అనగా పోత ఇనుమును, వేడికి ఇంచుమించు సమానముగా వ్యాకోచించును. రెండింటిని కలిపి కాల్చినచో సందు పెరుగదు. చుట్టునున్న బీడును త్వరగా కాల్చి, బోల్టు చల్లగా నుండగనే త్రిప్పుట యొక పద్ధతి. బోల్టునే ఎఱ్ఱగా కాల్చి, అది ఉబ్బి తుప్పును నలిపివేసి, చల్లారునపుడు కుదించుకొనగా త్రిప్పుట రెండవది. అల్యూమినియపు భాగములో ఇరుకుకొన్న ఉక్కుబోల్టునకు మొదటిదే మేలు, ఏలయన అల్యూమినియము ఉక్కుకంటె రెండింతలకు దగ్గరగా వ్యాకోచించును, కొంచెపు వేడికే రంధ్రము నోరు తెరచును. అచట అపాయమును అంతే. ఇనుము కాలిన కొలది రంగు మార్చి హెచ్చరించును. అల్యూమినియము ఏ రంగును మార్చక 660 డిగ్రీల వద్ద ఒక్కుమ్మడి కరగి జారిపోవును. ముందుగా దానిమీద సబ్బుతో గీత గీసి, ఆ గీత నల్లబడగానే మంట తీసివేయుట అనుభవజ్ఞుల వాడుక. కాలిన బీడుమీద చల్లనినీరు పోయుట మాత్రము ఎవ్వరును చేయరాని పని, హెడ్డు పగులును.

ఇట్టి విద్యలను గూర్చి వ్రాయువారు కోనసముద్రపు ఉక్కును, నిర్మలు కత్తులను తలచి, నేటి మేస్త్రీని ఆ వంశపు చివరి మొలకగా వర్ణించుట పరిపాటి. నేనట్లు వ్రాయజాలను. ఈ మేస్త్రీ తాత నాగలి పట్టినవాడే గాని కొలిమి ఊదినవాడు కాడు. ఉక్కు గడ్డిరంగు నుండి ఊదారంగునకు, అచటి నుండి నీలమునకు తిరుగుట చూచి వేడిని చదువుట ఇతడు హనుమకొండలో ఒక లారీ షెడ్డున, తిట్లు తినుచు నేర్చుకొన్నాడట. చుట్టును కాల్చి, మంట తీసి, ఆతడు కొవ్వొత్తి ముక్కను స్టడ్డు అంచునకు తాకించెను. మైనము కరగి క్షణములో లోనికి పీల్చుకొనబడినది. వేడిలోహమున నూనె పొగయై పోవును. మైనము సందులో నిలిచి చల్లారుకొలది జారుడునిచ్చును. ఇది ఎచట నేర్చితివని అడుగగా నవ్వి ఊరకుండెను.

కొంచెమైనను మొండెము పైకి నిలిచియున్న పక్షమున దానిని పట్టుటకు ఉపాయములు పెక్కు: ఆకురాయితో ఇరుప్రక్కల చదునుచేసి పాన పట్టించుట, హాక్సా బ్లేడుతో గాడి కోసి స్క్రూడ్రైవరు ఆనించుట, మర మిగిలియున్నచో రెండు నట్టులను ఒకదానిపై నొకటి బిగించి క్రిందిదానిని విప్పుట. వీనియన్నింటికిని తలమానికము నట్టును వెల్డింగు చేయుట. మొండెముమీద దానికంటె కొంచెము పెద్ద నట్టును నిలిపి, నట్టు కడుపులో వెల్డింగు రాడ్డును దించి, బోల్టు ముఖము నుండి మొదలిడి పైదాక నింపుదురు. క్రొత్త తల మొలచుట యొక లాభము. ఆ నిప్పు సూటిగా బోల్టు గర్భములోనికి దిగి తుప్పును చిట్లించుట అంతకంటె పెద్ద లాభము. ఎఱ్ఱదనము తగ్గినపిమ్మట పానను ఎడమకు ఒకింత, కుడికి ఒకింత, మరల ఎడమకు త్రిప్పుచు, బెదరిన పశువును పెరటినుండి తోలుకొనివచ్చినట్లు తేవలెను. నట్టు ఊడివచ్చును, మరల అతికింతురు, మరల ఊడును. మూడవ నాలుగవ పర్యాయమున బోల్టు కదలుట సామాన్యము. మా స్టడ్డు మట్టమునకు తెగినను మేస్త్రీ రెండుమార్లు అతికించి చూచెను. రెండుమార్లును నట్టు మాత్రమే చేతికి వచ్చినది.

అప్పుడు డ్రిల్లు పట్టవలసి వచ్చెను. పంచితో నడిబిందువును గుర్తించుటకే ఆతనికి పావుగంట పట్టినది. విరిగిన ముఖము ఎగుడుదిగుడుగా నుండును గనుక మొదట దానిని సమముచేసి, మూడుదిక్కుల నుండి చూచి, తేలికగా ఒక చుక్క పెట్టి, అది ప్రక్కకు ఒరిగినట్లు తోచగా పంచిని వాల్చి కొట్టి దానిని నడిమికి నడిపించెను. ఆ చుక్క తప్పినచో తరువాత చేయునదంతయు తప్పును. ఉక్కు గట్టిది, చుట్టునున్నది అల్యూమినియమైనచో మెత్తనిది. డ్రిల్లుమొన నీరువలె పల్లము వెదకి మెత్తనివైపు పారిపోవును. అందుకై కొందరు లేతుమీద సన్నని గొట్టపుముక్కను తీయించి, ఊడదీసిన మూతిని మరల దానిచోట బిగించి, దాని రంధ్రములో ఆ ముక్కను దోపి డ్రిల్లునకు దారి చేయుదురు. మొదట 3 మిల్లీమీటర్ల మొన, పిమ్మట 5, పిమ్మట అంతకు పైది. వేగము తక్కువ, ఒత్తిడి ఎక్కువ, నూనె చుక్కచుక్కగా. నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆతని చూపు. డ్రిల్లును గాక, రాలుచున్న తురుమును చూచుచుండెను. ఉక్కు తెగునపుడు తురుము చుట్టలు చుట్టుకొని, వడ్రంగి చిత్రికపట్టిన పొరవలె వచ్చును. బీడు తెగునపుడు నల్లని పొడియై రాలును. చుట్టల నడుమ పొడి కనబడినదా, మొన స్టడ్డును విడిచి హెడ్డులోనికి పోవుచున్నదన్నమాట. ఒకచోట ఆ పొడి చిటికెడు కనబడగనే ఆతడు చేయి ఆపి, మొన తీసి, వాలు సరిచేసికొనెను. కంటికి కనబడని లోతులో ఏమి జరుగుచున్నదో బయటపడిన చెత్త నుండి చదువుటయే ఈ పనిలోని పాండిత్యము.

మరచుట్ల అడుగువఱకు తొలిచినపిమ్మట స్టడ్డు పలుచని గొట్టమై మిగులును. 8 మిల్లీమీటర్ల సామాన్యపు మరయైనచో 6.8 మిల్లీమీటర్ల మొన ఆ హద్దు. అప్పుడు సన్నని ఉలితో గొట్టపు అంచును లోపలికి మడచి, ముక్కుపటకారుతో పట్టి లాగగా, పాత ఉక్కు స్ప్రింగువలె చుట్లుచుట్లుగా ఊడివచ్చును. వెనుక రంధ్రపు చూడీలు పుట్టినప్పటివలె నిలిచియుండును.

తొలిచిన రంధ్రములో దిగగొట్టి ఎడమకు త్రిప్పు ఈజీ అవుట్ అను పనిముట్టు ఒకటి అంగళ్ళలో దొరకును. పేరులోని సులభత్వము పనిలో లేదు. అది గట్టిది గనుకనే పెళుసు. బిగిసిన బోల్టులో త్రిప్పగా అదియే విరిగి లోపల కూర్చుండును, మామూలు డ్రిల్లుమొన దానిని కోయజాలదు. ఒక కష్టమునకు రెండు కష్టములగును. మేస్త్రీ పెట్టెలో అట్టివి ఐదారు ఉన్నవి, మెరుపు చెడలేదు. కొన్నదే గాని వాడినది తక్కువ. అది విరిగిననాడు మిగిలిన గతి నగరములలోని విద్యుత్‌ రవ్వలతో కొరుకు యంత్రమే. ఆ యంత్రపు చరిత్ర ఈ సందర్భమున చెప్పదగినది. 1943 ప్రాంతమున సోవియట్ దేశములో లజరెంకో దంపతులు, స్విచ్చుల మొనలను రవ్వలు తినివేయుటను ఆపజూచి, ఆపలేక, ఆ తినుటనే పనికి వినియోగించుకొనిరి. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో ముగ్గురు పనివారు సరిగా ఈ బాధకే, అనగా అల్యూమినియపు పోతలలో విరిగిన ట్యాపులను డ్రిల్లులను తీయుటకే, అట్టి యంత్రమును కల్పించిరి. నేడు విమానభాగములను చెక్కు యంత్రమునకు ఒక పూర్వరూపము ఈ షెడ్డుపని!

యంత్రము లేనిచోట గడియారములు బాగుచేయువారి పాతయుపాయమొకటి ఉన్నది. ఇత్తడి పలకలో ఉక్కుమర విరిగినచో పలకను పటిక కలిపిన వేడినీటిలో ఉంతురు. పటికనీరు ఇత్తడిని ముట్టక ఉక్కును మెల్లమెల్లగా తినివేయును. అల్యూమినియమునకును ఇది చెల్లును. వరదనాళ్ళలో గోదావరి ఎఱ్ఱనీటిని తేర్చు పటికయే యిది. బీడుహెడ్డునకు మాత్రము పనికిరాదు, బోల్టుతో పాటు హెడ్డును కరగును గనుక.

బోల్టులు ఏల విరుగును? తుప్పు ఒకటి. రెండవది చరిత్ర. నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలిడినపుడు తెచ్చినవి స్కాట్లండు ఆల్బియను బండ్లు. వానివెంట విట్‌వర్తు అను ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల ఆంగ్లపు మరయు వచ్చినది. అమెరికా జీపులతో 60 డిగ్రీల మర వచ్చినది. 1948లో ఆంగ్ల, అమెరికా, కెనడా దేశములు ఒక మరకు ఒడంబడినవి. అంబాసిడరు ఆ వంశముది. తరువాత జపాను పొత్తుతో వచ్చిన కార్లు మిల్లీమీటరు మరను ఇంటింటికి తెచ్చినవి. ఈ షెడ్డులో ఒకే డబ్బాలో ఆ తరములన్నియు కలిసి యుండును. అంగుళములో పదారింట అయిదు వంతుల బోల్టును 8 మిల్లీమీటర్ల బోల్టును ప్రక్కప్రక్కన పెట్టిన, మందములో తేడా వెంట్రుకవాసి. చుట్టునకు చుట్టునకు నడుమ దూరము మాత్రము ఒకదానికి 1.41, మరొకదానికి 1.25 మిల్లీమీటర్లు. ఒకదాని రంధ్రములో మరొకటి రెండుచుట్లు హాయిగా దిగి మూడవచుట్టున బిగియును. తెలియనివాడు తుప్పనుకొని పాన వేయును.

మూడవ కారణము చెప్పుట మేస్త్రీలకు రుచింపదు, అయినను చెప్పవలెను. విరిగిన బోల్టులలో గణనీయమైన భాగము మేస్త్రీలు విరిచినవే. 8 మిల్లీమీటర్ల ఆ బోల్టునకు కావలసిన బిగువు రెండున్నర కిలోగ్రాము-మీటర్లు, అనగా మీటరు పొడవు కడ్డీ చివర రెండున్నర కిలోల బరువు వ్రేలాడదీసినంత. పానకు మీటరు పైపు తొడిగి మనిషి మొగ్గినచో ఇరువది కిలోలు అలవోకగా పడును. బిగువు కొలుచు టార్కు పాన ఉండి కూడ దానిని గోడకు తగిలించి, "చేతికి తెలుస్తది" అనువారిని చూచితిని. చేతికి తెలియుట నిజమే. అలసిన చేతికి, పదునాలుగేండ్ల శిష్యుని చేతికి తెలియుట నిజము కాదు. విరిగినదానిని తీయుటలో చూపు ఓపికలో పదవవంతు బిగించుటలో చూపినచో ఈ వ్యాసమునకే పని లేకపోవును. వరదలో మునిగిన ఇంజనుల సంగతి వేరు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగినవంటి వేళ ఒడ్డు ఊళ్ళలో నీటమునిగిన ట్రాక్టరు, ఆయిలింజను బోల్టులలో తుప్పుతో పాటు ఒండ్రును కూరుకొనును. ఆ నేరము ఏ చేతిదియు కాదు.

మా పని ముగియుసరికి మధ్యాహ్నము మూడుగంటలైనది. చూడీలు చెడియుండినచో రంధ్రమును పెద్దదిచేసి, తీగచుట్టను దోపి, పాతకొలతకే తెచ్చు పద్ధతియు కలదు. ఆ అవసరము కలుగలేదు. మేస్త్రీ రంధ్రములో ట్యాపును నూనెతో దించి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పుచు తుప్పు కడిగి, సైకిలు పంపుతో గాలి కొట్టి, గుడ్డతో తుడిచెను. డబ్బా బోర్లించి, మరలను కొలతపలకతో సరిచూచి, క్రొత్త స్టడ్డు నొకదానిని ఏరి, గ్రీసు రాచి, నాచేతి కిచ్చెను. "మీరే దింపుండ్రి సారూ" అన్నాడు. రెండువ్రేళ్ళతో త్రిప్పితిని. ఒకటి, రెండు, మూడు, ఎచటను తగులలేదు. ఆతడు ప్రక్కకు తిరిగి బీడీ ముట్టించుకొనుచుండగా స్టడ్డు తొమ్మిదిచుట్లు తిరిగి అడుగున నిలిచెను. పాన అప్పటికిని గోనెపట్టమీదనే ఉన్నది.